అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య

మా అమ్మమ్మ ప్రార్థనలో ఒక మాట చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. రాత్రి కుటుంబ ప్రార్థన అయిపోయి అందరం లేచి ఎవరి పక్కలు వాళ్లు సర్దుకుంటుంటే, ఆవిడ మాత్రం ఇంకాసేపు మోకాళ్ల మీదే ఉండేది. మా పెద్ద మావయ్య పేరు చెప్పి, "వాణ్ణి నీ చేతికి అప్పగిస్తున్నాను ప్రభువా, మళ్ళీ" అనేది. రోజూ అదే పేరు, చివర్లో అదే "మళ్ళీ".

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "నిన్న కూడా అప్పగించావు కదమ్మమ్మా, మళ్ళీ ఎందుకు?"

"నిన్న అప్పగించానమ్మా. పొద్దున లేచేసరికి మళ్ళీ నా గుండె మీదే ఉన్నాడు. మరి ఇంకోసారి ఇవ్వాలా వద్దా?" అంది, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

మావయ్య తాతయ్యతో మాటా మాటా పెరిగి ఇల్లు వదిలి వెళ్లిపోయాడట. నేను పుట్టకముందు సంగతి అది. మొదట్లో ఉత్తరాలు వచ్చేవట, తర్వాత అవీ ఆగిపోయాయి. ఆయన ప్రస్తావన వస్తే ఇంట్లో పెద్దవాళ్లు మాట మార్చేసేవాళ్లు. అమ్మమ్మ ఒక్కతే మార్చేది కాదు. అలాగని ఏడుస్తూ కూర్చునే మనిషీ కాదు. పనులు చేసుకునేది, మమ్మల్ని కసిరేది, నవ్వేది, కీర్తనలు పాడుకునేది. ఆవిడ లోపల అంత ఎదురుచూపు ఉందని ఆ రాత్రి ప్రార్థన విన్నవాళ్లకే తెలుసు.

కూటాల్లో సమర్పణ గురించి చెప్పేటప్పుడు సాధారణంగా ఒక రాత్రి గురించి చెబుతారు. ముందుకు రావడం, కన్నీళ్లు, తీర్మానం, గుండె తేలికపడటం. అలాంటి రాత్రి నా జీవితంలోనూ ఉంది, దానికోసం ఈరోజుకీ ప్రభువుకి వందనాలు చెప్పుకుంటాను. కానీ ఆ తర్వాతి ఉదయం గురించి నాకు నేర్పింది అమ్మమ్మే. పెద్దయ్యాక మత్తయి 26వ అధ్యాయం చదువుతుంటే నాకు ఆవిడే గుర్తొచ్చింది. గెత్సేమనేలో యేసు ప్రభువు ఒక్కసారి ప్రార్థించి లేచిపోలేదు. వెళ్లాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్లాడు. మూడోసారి కూడా "ఆ మాటలే చెప్పుచు" ప్రార్థించాడని రాసి ఉంది. "నా యిష్టము కాదు, నీ చిత్తమే" అన్న ప్రార్థనని దేవుని కుమారుడే మూడుసార్లు చేశాడంటే, మా అమ్మమ్మ రోజూ చేయడంలో వింతేముంది? పౌలు కూడా తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. "నా కృప నీకు చాలును" అన్న మాట వచ్చింది.

అమ్మమ్మ బైబిలు నా కళ్లకి ఇప్పటికీ కడుతుంది. అట్ట ఊడిపోతే గుడ్డ ముక్క అంటించి కుట్టుకుంది. ఆదికాండం పేజీల అంచులు వేళ్ల తడికి నల్లబడి మెత్తబడిపోయాయి. చదివేటప్పుడు వరుస కింద చూపుడువేలు పెట్టి, పెదాలు కదుపుతూ, ఒక్క పేరూ వదలకుండా చదివేది. వంశావళులు కూడా. ఆదికాండం 40వ అధ్యాయం అయిపోయి 41 మొదలయ్యే చోట, ఆ రెంటి మధ్యనున్న ఖాళీలో, పెన్సిల్‌తో చిన్న అడ్డగీత గీసుకుంది. వచనం కింద గీత చూశాను గానీ, ఏమీ రాయని చోట గీత గీసినవాళ్లని నేనెక్కడా చూడలేదు.

అదేంటని అడిగితే నన్ను పక్కన కూర్చోబెట్టి చదివించింది. 40వ అధ్యాయం చివరి మాట: ఫరోకి ద్రాక్షారసం అందించే పానదాయకుల అధిపతి చెరసాలలో ఉన్న యోసేపును జ్ఞాపకం చేసుకోక మరచిపోయాడు. 41వ అధ్యాయం మొదటి మాట: రెండేళ్లు గడిచాక ఫరో ఒక కల కన్నాడు.

"ఆ రెండేళ్లు ఎక్కడున్నాయి?" అంది.

వెతికాను. ఎక్కడా లేవు. ఒక అక్షరం కూడా లేదు.

"ఇదిగో, ఇక్కడున్నాయి" అని ఆ పెన్సిల్ గీత మీద వేలు పెట్టింది. "ఇక్కడ యోసేపు రోజూ పొద్దున్నే లేచాడు. ఇవాళ పిలుస్తారేమో అనుకున్నాడు. ఎవరూ పిలవలేదు. మళ్ళీ పడుకున్నాడు."

తర్వాత నాచేత లెక్క కట్టించింది. అన్నలు అమ్మేసే నాటి కథ మొదలయ్యేటప్పటికి యోసేపుకి 17 ఏళ్లు. ఫరో ఎదుట నిలబడేనాటికి 30. మధ్యలో 13 ఏళ్లు. వెనక్కి తిప్పి 16వ అధ్యాయం తీసింది. ఇష్మాయేలు పుట్టినప్పుడు అబ్రాముకి 86 ఏళ్లు అని ఆ అధ్యాయం ముగుస్తుంది. తర్వాతి వచనంలోనే ఆయనకి 99 ఏళ్లు. అక్కడా 13 ఏళ్లే. అన్నేళ్లు దేవుడు అబ్రాముతో మాట్లాడాడో లేదో గ్రంథం చెప్పదు. 75వ ఏట పిలుపు అందుకుని, నూరేళ్ల వయసులో ఇస్సాకుని ఎత్తుకున్న మనిషి ఆయన. మనం ఇరవై నిమిషాల ప్రసంగంలో వినేసే కథలో, బతికినవాళ్లకి పాతికేళ్లు పట్టింది.

మన సాక్ష్యాల్లో నాకు ఎప్పుడూ లోటుగా అనిపించేది ఇదే. ఇబ్బంది వచ్చింది, ప్రార్థన చేశాం, ప్రభువు కార్యం చేశాడు, స్తోత్రం. అందులో ఒక్క మాట అబద్ధం కాదు, సమయం కూడా అంతే ఇస్తారు. కానీ మధ్యలో ఉన్నవాళ్లు వెనక బల్లల మీద కూర్చుని వింటుంటారు. వాళ్లకి మొదలు తెలుసు, చివర తెలియదు. పెన్సిల్ గీత దగ్గరే ఆగి ఉన్నారు వాళ్లు. జవాబు రాకముందు కూడా సాక్ష్యం చెప్పనివ్వాలని నా కోరిక. "ఇంకా ఏమీ జరగలేదు, ఇవాళ కూడా ఆయన్ని నమ్ముకునే ఉన్నాను" అన్నది చిన్న సాక్ష్యమేమీ కాదు.

సండే స్కూల్లో మా టీచర్ గారు ఈ మధ్య భాగాలు బాగా చెప్పేవారు. ఇంగ్లండు మిషనరీ విలియం కేరీ 1793లో భారతదేశం చేరాడు. మరుసటి ఏడే అయిదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. భార్య డొరొతీకి మతి స్థిమితం తప్పింది. మొదటి విశ్వాసి కృష్ణపాల్ బాప్తిస్మం తీసుకున్నది 1800 డిసెంబరు చివర్లో. అంటే ఏడేళ్లు. ఈ ఏడేళ్లలో ఆయన చేతులు కట్టుకుని కూర్చోలేదు. బెంగాలీ నేర్చుకున్నాడు, నీలిమందు ఫ్యాక్టరీలో పనిచేశాడు, కొత్త నిబంధన అనువదిస్తూ పోయాడు. 1801లో బెంగాలీ కొత్త నిబంధన అచ్చయి వచ్చిందంటే, అది ఆ ఫలితం కనబడని సంవత్సరాల్లో రాసిందే. అమెరికా మిషనరీ అదోనిరాం జడ్సన్ 1813లో రంగూన్‌లో దిగితే మొదటి బర్మా విశ్వాసికి బాప్తిస్మం ఇచ్చింది 1819లో. ఆ తర్వాత యుద్ధం, చెరసాల, భార్య ఆన్ మరణం. బర్మా భాషలో బైబిలు మొత్తం పూర్తయింది 1834లో. ఇవన్నీ మేము పోటీల కోసం తారీఖుల్లా బట్టీ పట్టాం. వాటి బరువు చాలా తర్వాత తెలిసింది.

నా పెళ్లయ్యాక.

పిల్లలు పుట్టలేదు. దాని గురించి ఎక్కువ రాయను, ఆ దారిలో నడిచినవాళ్లకి చెప్పక్కర్లేదు. టెస్టులు, మందులు, ప్రతి నెలా అదే టెన్షన్, ప్రతి నెలా అదే బాత్‌రూమ్ తలుపు వెనక ఏడుపు. ప్రార్థన చేయని రోజు లేదు. స్త్రీల కూటాల్లో నన్ను చూడగానే ఎవరో ఒకరు హన్నా గురించి ఎత్తేవారు. హన్నా ఏడ్చింది, ప్రార్థించింది, సమూయేలు పుట్టాడు, వచ్చే ఏడాదికి నీ ఒళ్లో కూడా. ప్రేమతోనే అనేవారు. వింటూ తల ఊపేదాన్ని. ఇంటికొచ్చాక మాత్రం ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు. ఒకావిడ అయితే "నీ విశ్వాసంలో ఎక్కడో లోటుందమ్మా, పరీక్షించుకో" అంది. ఆ మాట దిగిన చోట చాలాకాలం నొప్పి ఉండిపోయింది. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద ఒక్క మాటా మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మేలు అదే. ఆ ఏడు రోజుల్ని నేను చాలా గౌరవిస్తాను.

అప్పటికి అమ్మమ్మకి చూపు బాగా మందగించింది. వెళ్లినప్పుడల్లా నేనే చదివి వినిపించేదాన్ని. ఆవిడకి వరుసలోనే చదవాలి, నచ్చిన చోటు తీసి చదివితే ఒప్పుకోదు. అలా వరుసలో మొదటి సమూయేలు వచ్చింది. నాకు గొంతు పట్టేసింది. వదిలేసి రెండో అధ్యాయానికి వెళ్దామా అనిపించింది గానీ ఆవిడ కనిపెట్టేస్తుందని తెలుసు. చదువుకుంటూ పోయాను. సవతి పెనిన్నా దెప్పడం, హన్నా భోజనం మానేసి ఏడవడం, మందిరంలో పెదవులు మాత్రమే కదలడం, యాజకుడు ఏలీ ఆవిణ్ణి తాగి ఉందనుకోవడం. పద్దెనిమిదో వచనం వచ్చింది. ఆ స్త్రీ తన దారిని వెళ్లిపోయి, భోజనం చేసి, అప్పటినుంచి దుఃఖముఖిగా ఉండటం మానింది.

"ఆగు. మళ్ళీ చదువు" అంది.

చదివాను.

"అప్పటికి కడుపుతో ఉందా?"

"లేదమ్మమ్మా."

"ఏలీ ఏమన్నా ఫలానా రోజని చెప్పాడా?"

"లేదు. క్షేమంగా వెళ్లు, నీ మనవి దేవుడు దయచేయును గాక అన్నాడు, అంతే."

"వెళ్లింది ఏ ఇంటికి? ఆ పెనిన్నా ఉన్న ఇంటికేగా?"

"అవును."

"మరి మొహం ఎందుకు మారింది?"

నా దగ్గర జవాబు లేదు. ఆవిడా చెప్పలేదు. కాసేపు ఆగి "ఊఁ, చదువు" అంది. ఇరవయ్యో వచనంలో సమూయేలు పుట్టాడు. ఆ వచనం చదివేటప్పుడు నా గొంతు వణకలేదు. అది నాకే ఆశ్చర్యంగా అనిపించింది.

ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. అంతకు ముందు ఎన్ని ప్రసంగాలు విన్నానో, అందరూ పదో వచనంలోని కన్నీళ్ల దగ్గరినుంచి నేరుగా ఇరవయ్యో వచనంలోని బిడ్డ దగ్గరికి వెళ్లిపోయేవారు. పద్దెనిమిది దగ్గర ఎవరూ ఆగలేదు. హన్నా పరిస్థితిలో ఏమీ మారలేదు. ఆమె ఏలీతో అన్న మాట చూడండి: నా ఆత్మను యెహోవా సన్నిధిని కుమ్మరించుకుంటున్నాను. కుమ్మరించేసింది. కోపం, అవమానం, అసూయ, ఆశ అన్నీ. మర్యాదగా సర్ది చెప్పలేదు, ఉన్నదున్నట్టు పోసేసింది. ఆ తర్వాత ఆకలేసింది, తిన్నది. నాకు విశ్వాసం అంటే అక్కడ అర్థమైంది. రేపు ఏమిస్తాడో తెలియకుండానే, ఇచ్చేవాడు ఎవరో తెలిసి, ఇవాళ భోజనానికి కూర్చోవడం.

అలా నా ప్రార్థన మారింది. అంతకుముందు చాలా పద్ధతిగా ప్రార్థించేదాన్ని. తర్వాత కీర్తనలే నాకు భాష నేర్పాయి. 13వ కీర్తనలో దావీదు ఎంతకాలం, ఎంతకాలం అని పదే పదే అడిగినట్టే నేనూ అడిగాను. యోహాను 11వ అధ్యాయంలో లాజరు చనిపోయాక అక్కలు మార్త, మరియ ఇద్దరూ వేరువేరుగా వచ్చి ఒకే మాట అన్నారు: ప్రభువా, నువ్విక్కడ ఉంటే మా తమ్ముడు చనిపోయేవాడు కాదు. ఆ మాట నేనూ నా సంగతిలో అన్నాను. ప్రభువు వాళ్లని కసురుకోలేదు. మరియ దగ్గర కన్నీళ్లు విడిచాడు. ఆ అధ్యాయంలోనే ఇంకో మాట ఉంది. యేసు వాళ్లని ప్రేమించాడని ఒక వచనం, లాజరు జబ్బుగా ఉన్నాడని విని కూడా ఉన్నచోటే ఇంకా రెండు రోజులు ఉండిపోయాడని తర్వాతి వచనం. ప్రేమ, ఆలస్యం పక్కపక్కనే. ఆ రెండు వచనాల్నీ నేను విడదీసి చదవలేను ఇప్పుడు. ఆయన ఆలస్యం చేశాడు కాబట్టి ప్రేమ లేదు అని అనుకోబోయిన ప్రతిసారీ ఆ పేజీయే నన్ను నిలబెట్టింది.

ఇక్కడ ఒకటి చెప్పాలి. అప్పగించడమంటే మందులు మానేయడం అని మాకెప్పుడూ అనిపించలేదు. డాక్టర్ గారు చెప్పినన్నాళ్లు వైద్యం చేయించుకున్నాం. వైద్యానికి వెళ్లేముందు ప్రార్థించాం, వచ్చాక ప్రార్థించాం. నమ్మకం పేరు చెప్పి రోగుల మందులు మాన్పించేవాళ్లని చూస్తే నాకు బాధే కాదు, భయం కూడా.

అమ్మమ్మ చివరి రోజుల్లో మోకరించలేకపోయింది. మంచం మీద పడుకునే రెండు అరచేతులూ పైకి తెరిచి పెట్టేది. మాట సరిగ్గా రాకపోయినా మావయ్య పేరు వినబడేది. ఆయన్ని చూడకుండానే వెళ్లిపోయింది. సమాధి దగ్గర పాస్టర్ గారు హెబ్రీ 11 చదివారు, వాగ్దానాల ఫలం అనుభవించకపోయినా దూరంనుంచి చూసి వందనం చేసినవాళ్ల గురించి. అది వింటూ నేను అబ్రాహాము గురించి, అంటే ఆ అబ్రాము గురించే, ఆలోచించాను. దేశమంతా నీ సంతానానికి ఇస్తానన్నాడు దేవుడు. చనిపోయేనాటికి ఆయన చేతిలో ఉన్నది మక్పేలా పొలం, అందులోని గుహ. శారాని పాతిపెట్టడానికి ఎఫ్రోను దగ్గర 400 తులాల వెండి తూచి కొన్నది. వాగ్దాన దేశంలో ఆయన సొంతమని రాసి ఉన్నది ఒక సమాధి స్థలం. అయినా 175 ఏళ్లు బతికి తృప్తిగా కన్నుమూశాడని గ్రంథం చెబుతుంది. మా అమ్మమ్మ మొహం మీద ఆ తృప్తి నేను చూశాను. అడిగింది దొరికినందుకు కాదు.

మావయ్య కొన్నేళ్ల తర్వాత వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. అమ్మమ్మ ఏమైనా చెప్పిందా అని అడిగాడు. రోజూ రాత్రి నీ పేరు చెప్పేది అన్నాను. ఏమీ మాట్లాడలేదు. అప్పుడప్పుడు వస్తుంటాడు. ప్రార్థనకి కూర్చుంటాడు, కళ్లు మూసుకోడు. ఆయన విశ్వాసంలోకి వచ్చాడని నేను చెప్పలేను. అమ్మమ్మ ప్రార్థన వృథా అయిందనీ చెప్పలేను.

నాకు పిల్లలు పుట్టలేదు. ఇక వైద్యం చాలు అని డాక్టర్ గారు చెప్పిన రోజు, మా వారు, నేను ఇంటికొచ్చి మోకరించాం. ఆయన ప్రార్థన రెండు మాటలే. "నువ్వు మంచివాడివి ప్రభువా. మేము నీవాళ్లం." ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. మర్నాడు పొద్దున్న ఆ బాధ మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఇచ్చేశాను. ఆ వారం ఎన్నిసార్లు ఇచ్చానో. నెలలు గడిచేకొద్దీ ఒకటి గమనించాను. ఎవరి బిడ్డనైనా ఎత్తుకుంటే గుండె బిగుసుకుపోయేది కదా, అది సడలింది. పసిపిల్లలు ఏడిస్తే నవ్వొస్తోంది. ఒకరోజు మా వారు "నువ్వు ఈమధ్య పాడుకుంటున్నావు" అన్నారు. ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలియదు. 31వ కీర్తనలో "నా కాలగతులు నీ వశములో నున్నవి" అన్న వచనం చిన్నప్పుడు కంఠతా పట్టించారు. కాలం మొత్తం ఆయన చేతిలో ఉందంటే, అందులో బిడ్డ లేని కాలం కూడా ఉందని అప్పుడు ఒప్పుకోగలిగాను. ఇప్పటికీ కొన్ని రోజులు కష్టంగానే ఉంటాయి. ఆ రోజుల్లో అమ్మమ్మ ప్రార్థనే నాకు దిక్కు.

ఇప్పుడు సంఘంలో ఎదురుచూస్తున్న ఆడపిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. పెళ్లి కోసం, బిడ్డ కోసం, తాగుడు మానని భర్త కోసం, కబురు లేని అన్న కోసం. వచ్చే ఏడాదికల్లా అని నేను ఎవరికీ చెప్పను. అది చెప్పే అధికారం నాకు లేదు. వాళ్లు అడిగితే మొదటి సమూయేలు తీసి పద్దెనిమిదో వచనం దాకా చదువుతాం, అక్కడ ఆగుతాం, అమ్మమ్మ నన్నడిగిన ప్రశ్నే అడుగుతాను. ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. కొందరు కోపంగా లేచి వెళ్లిపోయారు, వాళ్ల పేర్లూ నా ప్రార్థనలో ఉన్నాయి.

మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. రెండోసారి గర్భం నిలవలేదట. "రేపు వస్తానక్కా. వాక్యం చెప్పొద్దు, ఏమీ చెప్పొద్దు. నా పక్కన కూర్చోండి చాలు" అంది. రమ్మన్నాను. సాయంత్రం దాకా ఉండమన్నాను.